పుల్లల లెక్క

ఆ ఏడు మేము అనకూడని మాట ఒకటుండేది:
'నోరు తెరవండి.'
కుర్చీల మీద పాలిథిన్ కప్పి
డ్రిల్లు తీగలు చుట్టి అల్మరాలో పెట్టి
పళ్ల డాక్టర్లం మమ్మల్ని
చేతికి థర్మామీటర్లిచ్చి గేటు దగ్గర నిలబెట్టారు.
చెన్నై, మే నెల. సూటు లోపల
చెమట మోకాళ్లు దాటి బూట్లలో చేరేది.

చెంగయ్య జ్వరాల వరసలో వచ్చాడు.
పుళియంతోపు. కార్పొరేషన్ చెత్తబండి.
మెడలో కార్డు మీద సన్నటి మొహం ఒకటి,
వచ్చిన మొహం ఇంకొకటి:
దవడ కింద రెండు వైపులా పొంగి, మెడ అన్నదే లేక,
నాలుక లేచి అంగిట్లో ఆని,
చొంగ చొక్కా తడుపుతూ.
నాలుగు రాత్రులుగా కూర్చునే కునుకట.
కన్నెమ్మ చెప్పింది, మన తెలుగే, అరవం పూతతో:
"పన్ను నొస్తా ఉండాదని పది దినాలుగా చెప్తా ఉండాడు మేడం.
ఏ క్లినిక్కు చూసినా షట్టరే.
లవంగం పెట్టినాడు, షాపు మాత్రలు మింగినాడు,
బ్లీచింగు చల్లేదానికి మాత్రం ఒక్క పొద్దూ మానలా."

పంటిబిగువున ఓర్చుకోమంటారు.
పన్నే నొప్పయితే
దేన్ని బిగించాలో ఎవరూ చెప్పలేదు.

స్వాబు ఫలితానికి ఎనిమిది గంటలు.
ఆ గొంతుకి అంత గడువు లేదు.
కరోనా అని తేలలేదు, కాదనీ తేలలేదు,
ఏ వార్డూ తనవాడనలేదు.
ఐసీయూకి ఫోను చేశాను.
"పన్నా? పన్నుకి మంచమా?"
ఫోటో పంపాను.
తర్వాత ఎవరూ నవ్వలేదు.

పడుకోబెడితే ఊపిరాగిపోతుందని
మత్తు డాక్టరు జెసింతా
కూర్చోబెట్టే, మెలకువలోనే,
ముక్కులోంచి గొట్టం నడిపింది,
'మెదువా, అణ్ణా, మెదువా' అంటూ.
అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.
సూటు అక్కడ చిరిగింది. నేను చెప్పలేదు.

అద్దాల మీద ఆవిరి. చూపు సగం, తడుముడు సగం.
దవడ కింద గాటు పెట్టి వేలు పంపాను.
సిస్టరు లెక్కపెట్టి ఇచ్చే గ్లవుజుల్లో ఒకటి తీసి
వేలు కత్తిరించి, గాయంలో కాలువగా కుట్టాం.
ఊరి కాలువలన్నీ తీసిన మనిషికి.

చీమూ నెత్తురూ లేదురా నీకని
సూపర్‌వైజరు తిట్టేవాడట.
ఉన్నాయి. ట్రేలో చూశాను.
చీము అరవై మిల్లీలీటర్లు,
నెత్తురు కొలవలేదు.
చివర్న పన్ను, జ్ఞానదంతమే,
చింతగింజంత.

ఫలితం మధ్యాహ్నం వచ్చింది, నెగటివ్.
పక్క మంచం ఆ రాత్రే ఖాళీ అయింది.
జిప్పు చప్పుడు అతనూ విన్నాడు.
గొట్టంతో మాట లేదు.
గాలిలో చీపురు ఊపి చూపించి
వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.
ఎన్ని రోజుల హాజరు పోయిందని అడుగుతున్నాడు.
అది అర్థమవడానికి నాకు ఒక పూట పట్టింది.

గొట్టం తీశాక దవడ బిగుసుకుపోయింది.
ఐస్‌ఫ్రూట్ పుల్లలు దొంతర పేర్చి
పళ్ల మధ్య దూర్చాలి, రోజుకొకటి పెంచుతూ.
మొదటి రోజు మూడు. నాలుగో రోజు ఆరు.
ఆదివారం నాకు గేటు డ్యూటీ,
తనంతట తనే ఏడు పెట్టుకుని
కిటికీలోంచి చూపించాడు.
పదకొండో పుల్లకి
"ఇంక ఇడ్లీ పడతాది" అన్నాడు,
పోయేముందు,
"మీ మొగం చూడనే లేదే మేడం."

అతని నోరు గొంతుదాకా తెలుసు నాకు,
విరిగిన పన్నెక్కడో, గారెక్కడో.
నా నోరు అతనికి తెలియదు.
మాస్కు మీదికి చెయ్యి వెళ్లింది.
అంతలో గేటు దగ్గర ఎవరో దగ్గారు.

వారానికి రమ్మన్నాను, రాలేదు.
పొద్దున చెత్తబండి ఈల వేస్తే
ఇప్పటికీ బాల్కనీలోకి వెళ్తాను.
ఆరెంజి జాకెట్లు, ముక్కుదాకా గుడ్డలు.
ఒకడు డబ్బా ఎత్తుతూ ఆవులించాడు,
గుడ్డ కింద ఎన్ని పుల్లలంతో
పై నుంచి తెలియలేదు.